గోడలకు చెవులుంటాయి

గోడలకు చెవులుంటాయని మన పెద్దవాళ్ళు అన్నది గుట్టుగా కబుర్లు చెప్పుకునేవాళ్ళను హెచ్చరించడానికి. కానీ ఆ మాట హాళ్ళు కట్టే మేస్త్రీలకూ ఇంజనీర్లకూ చెప్పి ఉంటే ఇంకా బాగా పనికొచ్చేదని నాకనిపిస్తూ ఉంటుంది. గోడలకు నిజంగానే చెవులుంటాయి. కొన్ని గోడలు విన్నమాటను కడుపులో దాచుకుంటాయి. కొన్ని విన్నది విన్నట్టు పదిమందికీ అప్పజెప్పేస్తాయి. అచ్చం మన వీధిలో మనుషుల్లాగే.

గోదావరి జిల్లాల నాటకాల గురించి రాసినవాళ్ళు చాలామందే ఉన్నారు. ఎవరు ఏ వేషం కట్టారు, ఎవరికి ఎన్ని వన్స్‌మోర్‌లు పడ్డాయి, ఎవరి కిరీటం ఎవరు ఎత్తుకుపోయారు, అన్నీ రాశారు. అంతా బాగానే ఉంది. కానీ ఆ నాటకం వెనకవరసలో కూర్చున్నవాళ్ళకు వినబడిందా అన్న ప్రశ్న నా కంటికి అంతగా తగల్లేదు. వెనకనో పక్కనో కూర్చునేది ఎక్కువగా మన ఆడవాళ్ళమే గనక, ఆ ప్రశ్న నేను వేసుకోవడంలో తప్పులేదనుకుంటాను.

మొదలుపెట్టాలంటే రాజమండ్రి నుంచే మొదలుపెట్టాలి. 1880లో ధార్వాడ నాటక సమాజంవారు ఆ ఊరు వచ్చి ఆడారు. వాళ్ళు వెళ్ళిపోయాక, వాళ్ళు వేసుకున్న పాక మిగిలింది. దాన్ని చూసి కందుకూరి వీరేశలింగంగారికి ఆలోచన వచ్చింది. తన విద్యార్థులను పోగుచేసి, తాను రాసిన నాటకాలను ఆ పాకలో ఆడించారు. షేక్‌స్పియర్ నాటకాన్ని తెలుగు చేసిన 'చమత్కార రత్నావళి' అందులో ఒకటి. ఇంతటి నాటకరంగం మనకు ఒక పాకలో పురుడు పోసుకుందన్నమాట!

పాక అనగానే అయ్యో పాపం అనుకుంటాం కదూ? అనుకోవద్దు. మాట స్పష్టంగా వినబడటానికి తాటాకు పాకను మించిన హాలు అంత తేలిగ్గా దొరకదు. ఎందుకో చెప్పాలంటే ఒక్కసారి అమెరికా వెళ్ళి రావాలి. ఎక్కువసేపు ఉంచన్లెండి.

1895లో హార్వర్డు విశ్వవిద్యాలయంవారు ఫాగ్ మ్యూజియం అని కొత్త భవనం కట్టారు. అందులో అందమైన లెక్చరు హాలు ఉంది. లోపలికెళ్ళి ఉపన్యాసం మొదలుపెడితే ఒక్క ముక్క ఎవరికీ అర్థం కాలేదు. ప్రొఫెసరుగారు ఒక మాటంటే అది అయిదున్నర సెకన్ల పాటు గోడల మధ్య తిరుగుతూనే ఉండేది. ఆ అయిదున్నర సెకన్లలో ఆయన ఇంకో పాతిక ముప్ఫై అక్షరాలు పలుకుతారు. అన్నీ ఒకదాని మీద ఒకటి పడి, ముద్దయిపోయిన పులిహోరలా తయారయ్యేది. దాన్నే మనవాళ్ళు 'హాలు రీసౌండు ఇస్తోంది' అంటారు. శాస్త్రంలో వేరే పేరుందిగానీ, ఈ మాట చాలు మనకి.

దీని సంగతేదో చూడమని వాలెస్ సాబిన్ అనే ఇరవయ్యేడేళ్ళ కుర్ర మాస్టారికి అప్పజెప్పారు. ఆయన ఏం చేశాడనుకున్నారు? పక్కనున్న శాండర్స్ థియేటరులో కుర్చీల మీద పరిచే మెత్తలు ఉండేవి. ఊరంతా నిద్రపోయాక, ట్రాము బళ్ళ చప్పుడు ఆగాక, కుర్రాళ్ళచేత ఆ మెత్తలు మోయించి తెచ్చి హాల్లో పరిచేవాడు. ఒక ఆర్గన్ గొట్టం ఊది ఆపి, ఆ నాదం చెవికి వినబడకుండా పోవడానికి ఎంతసేపు పట్టిందో గడియారంతో కొలిచేవాడు. ఇంకొన్ని మెత్తలు, మళ్ళీ కొలత. తెల్లవారేసరికి మెత్తలన్నీ తిరిగి వాటి చోట్లో ఉండాలి. ఇలా రెండు మూడేళ్ళు! ఒకసారి తాను వేసుకున్న బట్టలు మారడం వల్ల కొలతలు మారుతున్నాయని తెలిసి, వేలకొద్దీ లెక్కలు చెత్తబుట్టలో పడేసి, అప్పటినుంచి ఒకే కోటు, ఒకే పంట్లాముతో ప్రయోగాలు చేశాడట. ఉతుక్కునేవాడో లేదో నాకు తెలీదు. 1898లో ఒక రాత్రి ఆ లెక్కల చిక్కుముడి విడిపోయినప్పుడు, ఆయన కేక వేసి చెప్పింది ఇంట్లో ఉన్న వాళ్ళమ్మకి. ఆ తల్లికి సూత్రం అర్థమయిందో లేదోగానీ, కొడుకు ఇకనైనా రాత్రిళ్ళు నిద్రపోతాడని మాత్రం సంతోషించే ఉంటుంది.

ఆయన కనిపెట్టిన సంగతి వంటింటి లెక్కంత తేలిక. గది ఎంత పెద్దదయితే రీసౌండు అంత ఎక్కువ. గదిలో ధ్వనిని మింగే వస్తువులు ఎన్ని ఎక్కువుంటే రీసౌండు అంత తక్కువ. మింగడాన్ని కొలవడానికి ఆయన పెట్టుకున్న మానిక ఏమిటో తెలుసా? తెరిచిన కిటికీ! కిటికీలోంచి బయటికి పోయిన ధ్వని తిరిగి రాదు గనక, అది నూటికి నూరుపాళ్ళు మింగినట్టు లెక్క. గచ్చుగోడ నూటికి రెండు మూడు పాళ్ళే మింగి, మిగతాదంతా మొహాన కొట్టినట్టు తిప్పి పంపేస్తుంది. బట్ట, మెత్త, పీచు, మనిషి ఒళ్ళు, ఇవన్నీ బాగా మింగుతాయి. ఈ లెక్కల మీద కట్టిన బోస్టన్ సింఫనీ హాలు 1900లో తెరిచారు. ఈనాటికీ లోకంలో గొప్ప సంగీతశాలల్లో దానిది ముందువరసే.

ఇప్పుడు తిరిగి రాజమండ్రి వద్దాం. తాటాకు పాకంటే ఏమిటి? చుట్టూ సందులు, పైన గాలాడే ఆకు. ఆ లెక్కన పాక పాకంతా తెరిచిన కిటికీయే. రీసౌండు అనే మాటే లేదు. ఆ మాటకొస్తే కోనసీమలో మన పాత మండువా లోగిళ్ళు మాత్రం? నడిమధ్య ఆకాశమంత కిటికీ. అందుకే మండువాలో పెళ్ళి మాటలు మాట్లాడుకుంటే నాలుగు వసారాల్లోనూ వినబడేవి, గోల మాత్రం అయ్యేది కాదు. ఇవాళ మన డ్రాయింగు రూముల్లో నలుగురు మాట్లాడితే టీవీ సౌండు పెంచాలి.

పాకకు ఉన్న చిక్కల్లా ఒకటే. మాట ఎక్కడా చెడదు, కానీ ఎక్కడా బలం పుంజుకోదు. ఆరుబయట దూరం రెట్టింపయినప్పుడల్లా ధ్వని బలం నాలుగోవంతుకు పడిపోతుంది. మొదటి వరసకూ ఇరవయ్యో వరసకూ మధ్య గాలిలోనే సగం నాటకం కరిగిపోతుంది. వేదిక మీద మనిషి ఆ దూరాన్ని తన గొంతుతోనే దాటాలి.

ఈ సంగతి మన పూర్వులకు తెలీదనుకునేరు. భరతుడి నాట్యశాస్త్రంలో రెండో అధ్యాయమంతా నాటకశాల గురించే. మనుషులకు తగిన నాటకశాల అరవై నాలుగు మూరల పొడవు, ముప్ఫై రెండు మూరల వెడల్పు ఉండాలంటాడు. మూర అడుగున్నర లెక్కన తొంభయ్యారడుగులు, నలభయ్యెనిమిది అడుగులు. అందులో సగం ఆటకు, సగం చూసేవాళ్ళకు. అంటే అందరికంటే వెనక కూర్చున్నవాడు కూడా వేదికకు నలభయ్యెనిమిది అడుగుల్లోనే ఉంటాడు. అంతకంటే పెద్దది కడితే మాట చెడిపోతుంది, మొహంలో భావాలు కనబడవు అని స్పష్టంగా చెప్పాడు. హాలు కొండగుహలా ఉండాలన్నాడు, ఈదురుగాలి చొరబడని చిన్న కిటికీలుండాలన్నాడు, కూర్చునే చోటు మెట్లుమెట్లుగా లేవాలన్నాడు. ముందువాడి తల వెనకవాడికి అడ్డం రాకుండా అని మనమనుకుంటాం. నిజానికి చూపుకే కాదు, మాటకూ ముందువాడి తల అడ్డమే. తలల మీదుగా పాకుతూ వచ్చే ధ్వనిని ఆ తలలూ భుజాలే తినేస్తాయి.

ఇంత శాస్త్రం మనకుండి కూడా, 1880 నాటికి గోదావరి ఒడ్డున నాటకానికి పాకే గతి అయింది. వీరేశలింగంగారు పదేళ్ళ తరువాత, 1890లో, రాజమండ్రిలో టౌను హాలు కట్టించారు. అది నాటకానికి కాదు, సభలకు. బహిరంగంగా నలుగురూ కూర్చుని ఒకరు చెప్పేది వినడానికి ఊరికొక కప్పు ఉండాలన్నదే ఆనాటికి కొత్త ఆలోచన. వితంతు వివాహాల గురించి, ఆడపిల్లల చదువు గురించి వీధుల్లో నిలబడి చెబితే రాళ్ళు పడే రోజులు. మాట వినబడటానికే కాదు, మాట్లాడేవాడు క్షేమంగా ఉండటానికీ గోడలు కావలసి వచ్చాయి. అలాంటి గోడలను ఎలా తప్పుపడతాం?

అదే ఊళ్ళో అదే రోజుల్లో ఇంకొకాయన ఉన్నారు, చిలకమర్తి లక్ష్మీనరసింహంగారు. ఆయనకు చిన్నతనం నుంచీ రేచీకటి. పెద్దయ్యాక చూపు పూర్తిగా పోయింది. ఇమ్మానేని హనుమంతరావు నాయుడుగారి నాటక సమాజం కోసం ఆయన రాసిన 'గయోపాఖ్యానం' ఆంధ్రదేశమంతా ఊగిపోయిన నాటకం. లక్ష ప్రతులు అమ్ముడుపోయాయంటారు. తరువాత ఆంధ్రకేసరి అయిన టంగుటూరి ప్రకాశంగారు కుర్రతనంలో ఆ సమాజంలో వేషాలు కట్టేవారు, ఆడవేషాలు కూడా. ఆ సింహం గొంతుతో ఆడవేషం ఎలా నప్పిందో ఊహించుకుంటే నాకు నవ్వాగదు.

నవ్వు సంగతి అలా ఉంచండి. నాటకాలు ఆడేది రాత్రిపూట. ఆముదం దీపాల వెలుగు, కిరసనాయిలు దీపాల వెలుగు. రేచీకటి ఉన్న రచయితకు తన నాటకంలో వేషాలూ తెరలూ ఎంతవరకు కనబడి ఉంటాయి? ఆయన తన నాటకాన్ని చూడలేదు, విన్నారు అని నేననుకుంటాను. అంతకంటే కఠినమైన పరీక్ష ఏ రచయితకైనా ఉంటుందా? ఆయన నాటకాలు మొదట్లో వచనంలోనే ఉండేవి. 'గయోపాఖ్యానం'లో పద్యాలు తరువాత చేరాయి. జనం పద్యాలడిగారు కాబట్టి చేర్చారంటారు విమర్శకులు. అవునుగానీ, జనం పద్యాలెందుకడిగారు?

ఇక్కడ నా సొంత ఊహ ఒకటి చెబుతాను. ఒప్పుకోకపోయినా ఫరవాలేదు. మనం మాట్లాడే మాటలో బలమంతా అచ్చులది. 'ఆ', 'ఈ', 'ఓ' అని ఎంతసేపయినా సాగదీయవచ్చు, ఎంతదూరమైనా పోతాయి. అర్థమంతా హల్లులది. 'కాలు', 'పాలు', 'నాలు' అన్నింట్లోనూ అచ్చులవే, తేడా హల్లులోనే. ఆ హల్లులు ఎంత అర్భకాలంటే, పది వరసలు దాటేసరికి ఊపిరి విడుస్తాయి. మైకు లేని పందిట్లో వచనం చెబితే వెనకవాళ్ళకు వినబడేది అచ్చుల రొద మాత్రమే. అదే వృత్తపద్యం చూడండి. నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరం హల్లు ఒకటే. దాన్ని ప్రాస అన్నాం. పాదం మొదటి అక్షరానికి మధ్యలో ఒక అక్షరం జోడు ఉంటుంది. దాన్ని యతి అన్నాం. అంటే ఒకచోట హల్లు గాలికి కొట్టుకుపోయినా, దాని జోడు ఇంకోచోట వినబడి, ఓహో ఇదన్నమాట అని చెవి సరిదిద్దుకుంటుంది. పైగా చివర రాగం తీసేసరికి, ఇంతవరకూ విన్న ముక్కలను మనసులో అతుక్కోవడానికి వ్యవధి దొరుకుతుంది. యతిప్రాసలు అలంకారాలని మాకు బి.ఏ.లో చెప్పారు. నాకేమో అవి పందిరి గుంజలంత అవసరమైన సామానులాగే కనబడతాయి. శ్రుతి పెంచి, గొంతెత్తి పాడటం కూడా ఇందుకే. మన చెవికి బాగా సోకే స్థాయి అదే. హార్మోనియం ముందు నిలబడి అయిదు శ్రుతిలో పద్యం ఎత్తుకునే నటుణ్ణి ఈ కాలం పిల్లలు చూసి అరుస్తున్నాడంటారు. అరవలేదమ్మా, చిట్టచివర నేలమీద కూర్చున్నవాడిదాకా అణా డబ్బుల సరుకు చేరవేస్తున్నాడు.

1907 ఏప్రిల్‌లో బిపిన్ చంద్ర పాల్ రాజమండ్రి వచ్చారు. జనం విరగబడ్డారు. ఆయన ఇంగ్లీషులో ఉపన్యసిస్తే చిలకమర్తివారు తెలుగు చేశారు. ఆ సందర్భంలోనే ఆయన ఆశువుగా చెప్పిన చిన్న పద్యం, దేశాన్ని ఆవుతో పోల్చినది, మీ అందరికీ వచ్చినదే. పాల్‌గారి ఉపన్యాసంలో ఒక్క వాక్యమైనా మీకు తెలుసా? నాకూ తెలీదు. నాలుగు పాదాల పద్యం మాత్రం ఊరూరా తిరిగి మన చిన్నప్పటి పాఠాల దాకా వచ్చేసింది.

ఇక మన సంగతికి వస్తాను. ఆ పందిళ్ళలో ఆడవాళ్ళెక్కడ కూర్చునేవారు? వేరుగా. చాలాచోట్ల ఒక పక్కకు, అడ్డంగా ఒక తడికో తెరో కట్టి. మర్యాద అన్నారు. ఆ మర్యాదకు ధ్వనిశాస్త్రంలో ఒక ధర ఉంది. మనిషి నోటినుంచి అచ్చులు అన్ని దిక్కులకూ పోతాయిగానీ, చురుకైన హల్లులు ఎక్కువగా ఎదురుగానే పోతాయి. నటుడు ఎదురుగా ఉన్న మగవాళ్ళవైపు తిరిగి పద్యం పాడుతుంటే, పక్కనున్న తడిక వెనక్కి రాగం వచ్చేది, మాట వచ్చేది కాదు. తడికా తెరా కలిసి ఆ మిగిలిన కాస్తనూ వడకట్టేవి.

మా అమ్మమ్మకు నాటకాల పద్యాలు బోలెడు వచ్చు. కవ్వం తిప్పుతూ, పప్పు ఏరుతూ పాడుకునేది. రాగం ఎక్కడా ఇసుమంత తప్పదు. మాటలు మాత్రం సగం ఆవిడ సొంతం. పుస్తకం తెరిచి చూస్తే అక్కడున్నదొకటి, ఆవిడ పాడేదొకటి. మా మావయ్యలు ఎగతాళి చేసేవారు, 'అమ్మకు చదువు లేదు కదా, అందుకని' అని. చదువుదేముంది? తెల్లవార్లూ తడిక వెనక కూర్చుని చంటిపిల్లను జోకొడుతూ, వచ్చిన రాగాన్ని వచ్చినట్టు పట్టుకుని, రాని మాటలను తనే అల్లుకుంది. ఎదర కుర్చీలో కూర్చుని విన్న తాతయ్యకు ఒక్క పద్యమూ నోటికి రాదు.

వేదికమీదైనా ఆడగొంతు ఉండేదా అంటే, చాలా సమాజాల్లో మగవాళ్ళే ఆడవేషాలు కట్టేవారు. కడప జిల్లా సురభిలో 1885లో వనారస గోవిందరావుగారితో మొదలైన సురభివారిది మాత్రం వేరే దారి. కుటుంబాలకు కుటుంబాలే నాటకం. ఆడవేషం ఆడదే కట్టింది. ఊరూరా తిరిగి, గుడారమూ రేకులూ వేసుకుని ఆడినవాళ్ళు వాళ్ళు. రేకుల కప్పు మీద వాన పడిందంటే భీముడి కేక కూడా వినబడదు. ఆ వానతో పోటీపడి పెరిగిన గొంతులు గనకనే, 1932లో మన మొదటి టాకీ 'భక్త ప్రహ్లాద' తీసినప్పుడు లీలావతి వేషానికి సురభి కమలాబాయిగారిని పిలిచారు. తెలుగు తెర మీద వినబడ్డ మొదటి ఆడగొంతుల్లో ఒకటి రేకుల షెడ్డులోంచి వచ్చిందంటే నాకు గర్వంగా ఉంటుంది.

ఇంకో గొంతు గురించి చెప్పకపోతే నాకు నిద్రపట్టదు. 1921 ఏప్రిల్‌లో గాంధీజీ కాకినాడ వచ్చారు. రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయికి అప్పటికింకా పన్నెండు నిండలేదు. దేవదాసీలూ ఘోషా ముస్లిం స్త్రీలూ గాంధీగారి మాట వినాలని ఆ పిల్ల పట్టుదల. మగవాళ్ళ సభకు వాళ్ళు రాలేరు. వచ్చినా తడిక వెనకే కదా! అయిదువేల రూపాయలు పోగుచేస్తే ఆయన పదినిమిషాలు వస్తారని పెద్దలు షరతు పెట్టారు. పోగుచేసింది. ఆయన పదినిమిషాలకని వచ్చి చాలాసేపు ఉండిపోయారు. ఆడవాళ్ళు ఒంటిమీద నగలు తీసి ఇచ్చారు. ఆయన హిందీని దుర్గాబాయి తెలుగు చేసింది. తరువాత టౌను హాలు దగ్గర పెద్ద సభ. అక్కడ తెలుగు చేయడానికి పెద్దలు సిద్ధంగా ఉన్నా, గాంధీజీ ఆ పిల్లనే నిలబెట్టారు. పన్నెండేళ్ళ ఆడపిల్ల సన్నటి గొంతు అంతమంది పెద్దల మధ్య ఎలా వినబడిందా అని ఆలోచిస్తే, సన్నగా ఉండటమే దానికి బలమయిందేమో అనిపిస్తుంది. మగవాళ్ళ గొంతుల గుసగుసల పైన తేలి వెళ్ళే శ్రుతి అది. తరువాత ఆ గొంతు రాజ్యాంగసభ దాకా వెళ్ళిందని మీకు తెలుసు.

తరువాత మైకు వచ్చింది. దాన్ని నేను తిట్టను. మైకు రాగానే తడిక వెనక్కి మొట్టమొదటిసారి హల్లులు వచ్చాయి. కాకినాడ యంగ్ మెన్స్ హ్యాపీ క్లబ్బులో నాటకాలాడిన ఎస్.వి. రంగారావుగారూ అంజలీదేవిగారూ సినిమాల కెళ్ళాక మైకు ముందు గొంతు తగ్గించి మాట్లాడటం నేర్చుకున్నారు. గొంతు తగ్గించి కూడా భయపెట్టవచ్చునని రంగారావుగారు చూపించారు. రాజమండ్రిలో నిడమర్తి సూరయ్యగారి దుర్గా సినీటోను 1936 నాటికే 'సంపూర్ణ రామాయణం' తీసింది. సినిమా హాళ్ళవాళ్ళు కూడా గోడలకు చిల్లుల అట్టలూ పీచు పలకలూ కొట్టించి జాగ్రత్తపడ్డారు. మాట వినబడకపోతే నేల టిక్కెట్టువాడు ఊరుకోడు మరి.

చెడిందల్లా మైకు ఉంది కదా అని గోడల్ని పట్టించుకోవడం మానేశాక. మన ఊళ్ళలో ఇప్పుడు కచేరీలూ నాటకాలూ హరికథలూ ఎక్కువగా జరిగేది కల్యాణమండపాల్లోనే. ఒక మోస్తరు మండపం తీసుకోండి, అరవై అడుగుల పొడవు, నలభై వెడల్పు, ఇరవై ఎత్తు. నున్నటి సిమెంటు గోడలు, కింద పాలరాయి. సాబిన్‌గారి సూత్రం ప్రకారం నేను కాగితమ్మీద వేసి చూశాను. తలుపులన్నీ మూసి ఖాళీగా ఉంటే దగ్గరదగ్గర తొమ్మిది సెకన్ల రీసౌండు! మూడువందల మంది కూర్చుంటే సెకనున్నర లోపుకు దిగుతుంది. మాటకు సెకను మంచిది, మన పాటకచేరీకి సెకనున్నర దాకా ఫరవాలేదు. అంటే పెళ్ళికి బాగానే ఉంటుంది. కానీ సాహిత్యసభకు మూడువందల మంది ఎక్కణ్ణుంచి వస్తారండీ? నలభైమందిమి వస్తాం. వక్తగారు 'రసము' అంటే 'సము సము సము' అని గోడలు వల్లిస్తాయి. వినబడ్డంలేదు బాబూ అంటే ఆపరేటరు 'ఆయ్, పెంచుతానండి' అని మీట తిప్పుతాడు. గొడవపడే ఇద్దరి మధ్య మూడోవాడు ఇంకా గట్టిగా అరిచినట్టవుతుంది.

మొన్నామధ్య మా మహిళామండలివాళ్ళం ఒక చిన్న నాటిక వేద్దామనుకున్నాం. హాలు ఏదో చెప్పను. ముందురోజు వెళ్ళి మధ్యలో నిలబడి ఒక్కసారి చప్పట్లు కొట్టి చూశాను. టప్ అని కాదు, ట్ర్‌ర్‌ర్ అని, కోడిపిల్లను తరిమినట్టు వినబడింది. రెండు నున్నటి గోడలు ఎదురెదురుగా ఉంటే ధ్వని వాటి మధ్య బంతిలా కొట్టుకుంటుంది. తగ్గడానికి ఏం చెయ్యాలని ఒక ఇంజనీరుగారిని అడిగితే ఆయన చెప్పిన ఖర్చుకు మా మండలి చిట్టీ డబ్బులు రెండేళ్ళవి కావాలి. అప్పుడు మా సుబ్బలక్ష్మి పిన్ని అంది, 'మెత్తలు కావాలంతే కదుటే? నా దగ్గర బొంతలున్నాయి' అని.

పాతచీరలతో కుట్టిన బొంతలు. పొరమీద పొర, నడుమ గాలి, అంతటా సూది బెజ్జాలు. ధ్వనిని మింగడానికి ఇంతకంటే ఏం కావాలి? ఇంటింటికీ తిరిగితే పాతిక దాకా పోగయ్యాయి. వెనక గోడకూ ఒక పక్క గోడకూ తాళ్ళు కట్టి, గోడకు ఆనకుండా జానెడు ఎడంగా వేలాడదీశాం. ఎడంగా ఉంటేనే అవి ఎక్కువ మింగుతాయి. కిటికీలన్నీ తెరిపించాం. హాలు మేనేజరు చూసి, 'ఇదేమిటమ్మా, బాలింత గదిలా చేశారు' అని మొహం చిట్లించాడు. నాటిక రోజు వచ్చింది అరవైమందే. రెండో రంగంలో అత్తగారు కోడలితో గుట్టుగా అనే మాట ఒకటుంది, గుసగుసగా అనాలి. మైకు ఆపించి అనిపించాం. చివరి వరసలో కూర్చున్న పెద్దావిడ, చెవి కాస్త మందం కూడాను, పకాలున నవ్వింది.

మర్నాడు బొంతలు ఎవరివి వాళ్ళకు పంచేశాం. మా పిన్ని నీలంరంగు అంచు బొంత మాత్రం ఇంతవరకు దొరకలేదు. తీసుకెళ్ళినవాళ్ళు ఈ వ్యాసం చదువుతుంటే దయచేసి ఇచ్చెయ్యండి, ఆవిడ మేడమీద గది బాగా రీసౌండు ఇస్తోందట.